సాల్మొరాలో ఒక ఖాళీ రోజు

మెయిన్స్ రాసిన తరవాత ఫలితాలు వచ్చేదాకా ఉండే ఆ రెండు నెలల గురించి మనలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రిలిమ్స్‌కి వ్యూహం ఉంటుంది, మెయిన్స్‌కి టెస్ట్ సిరీస్ ఉంటుంది. ఈ మధ్యకాలానికి మాత్రం పేరు కూడా లేదు. ఇంటర్వ్యూకి చదువుదామంటే అసలు పిలుపు వస్తుందో రాదో తెలియదు. మళ్లీ ప్రిలిమ్స్ పుస్తకాలు తీద్దామంటే రాసిన పరీక్ష మీద మనకే నమ్మకం లేనట్టు ఉంటుంది. ఢిల్లీ గదిలో ఫ్యాను కింద పడుకుని ఒక్కో సమాధానాన్నీ గుర్తు తెచ్చుకుంటూ గడపడమే ఎక్కువమంది చేసేది. నేనూ రెండు వారాలు అదే చేశాను.

నా రూమ్మేట్‌ది జోర్హాట్. వాళ్ల అమ్మ పుట్టిల్లు బ్రహ్మపుత్ర మధ్యలో ఉన్న మాజులీలో, సాల్మొరా అనే కుమ్మరి ఊళ్లో. వాళ్ల మామకి ఇంజను బిగించిన చెక్క పడవ ఉంది. చలికాలంలో కుండలు వేసుకుని నది పొడవునా రేవు రేవునా ఆగి అమ్ముకుంటాడు, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ధాన్యానికి మారుస్తాడు. అస్సామీలో కూడా అమ్మ తమ్ముణ్ణి మామా అనే అంటారు కాబట్టి నాకు పిలుపు దగ్గర ఇబ్బంది రాలేదు. ఆ నవంబరులో మామ దిబ్రూగఢ్ వైపు సరుకు అమ్మేసి ఖాళీ పడవతో దిగువకి వస్తున్నాడు. సాల్మొరాలో మళ్లీ కుండలు ఎత్తుకుని తేజ్‌పూర్ మీదుగా గువాహటి దాకా వెళ్తాడు. మొత్తం సుమారు 500 కిలోమీటర్లు, పది పన్నెండు రోజులు. "వస్తావా?" అన్నాడు రూమ్మేట్. కోనసీమలో పుట్టినవాణ్ణి పడవ ఎక్కుతావా అని రెండోసారి అడగాల్సిన పని లేదు.

మ్యాపులో బ్రహ్మపుత్ర ఒక నీలం గీత. పడవలోంచి చూస్తే అది ఒక నది కాదు, పది పాయలు. పాయల మధ్య ఇసుక మేటలు. వాటిని అక్కడ సాపొరి అంటారు. పుస్తకంలో 'అల్లిక నది' అని ఒక్క మాటలో చదివి వదిలేస్తాం. ఏ పాయలో నీళ్లున్నాయో, ఏది రెండు మైళ్లు పోయాక ఇసుకలో ఆగిపోతుందో తెలుసుకోవడం మామకి రోజూ కొత్త పరీక్షే. ముందు ఒక కుర్రాడు వెదురు గెడతో లోతు చూస్తూ కేక వేస్తుంటాడు, వెనక మామ చుక్కాని తిప్పుతుంటాడు. ధుబ్రీ నుంచి సదియా దాకా 891 కిలోమీటర్ల ఈ దారిని 1988లో జాతీయ జలమార్గం-2గా ప్రకటించారని నేను చెబితే మామ నవ్వాడు. తనకి నిన్నటి దారి మీద కూడా నమ్మకం లేదట. పొద్దున పొగమంచు విడిస్తేగాని ఇంజను తియ్యడు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి నాలుగింటికల్లా ఏదో ఒక మేటకి పడవ కట్టేస్తాడు. దేశమంతటికీ ఒకే గడియారం ఉండటం వల్ల ఈశాన్యంలో పగలు ఎంత వృథా అవుతుందో జాగ్రఫీ పాఠం చదివితే అర్థమయ్యేదానికన్నా ఇక్కడ బాగా అర్థమవుతుంది.

మూడో రోజు సాయంత్రం సాల్మొరా చేరాం. మర్నాడంతా కుండలు ఎత్తే పని. కుండల మధ్య గడ్డి దోపుతూ వరస వరసగా పేర్చాలి, అనుభవం లేని చెయ్యి తగిలితే పగులుతాయి. అందుకని మామ మా ఇద్దరికీ ఒకే పని అప్పగించాడు. పడవ దగ్గరికి రాకుండా ఉండటం.

పరీక్షలకి చదివే మనిషి చేతికి ఖాళీ రోజు దొరికితే ఏం చేస్తాడో మీకు తెలుసు. రాత్రే నోట్‌బుక్కులో జాబితా రాసుకున్నాను. ఔనియాటి సత్రం, 1653లో పెట్టింది. సామగురి సత్రంలో ముఖాలు, అంటే వెదురు బద్దలు, మట్టి, పేడ, గుడ్డతో చేసే మాస్కులు, 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సత్రాల్లో పుట్టిన సత్రియా నృత్యాన్ని 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించింది. 2016లో దేశంలోనే మొదటి నదీద్వీప జిల్లా. పొద్దున లేచి ఆ కాగితం చూపిస్తే రూమ్మేట్ చదివి తిరిగి ఇచ్చేశాడు.

"ఇవన్నీ నీకు వచ్చు కదా. వచ్చినవాటిని చూడ్డానికి ఇరవై కిలోమీటర్లు ఎందుకు? ఈ ఊళ్లో ఉండు, ఇక్కడివి నీ నోట్స్‌లో లేవు."

సైకిళ్లు కూడా దొరకలేదు, అది వేరే విషయం. కాబట్టి ఉండిపోయాం.

ఆ పూట ఎంత తీరిగ్గా గడిచిందో రాయడానికి కూడా కొంచెం సిగ్గుగా ఉంది. నదిలో స్నానం, నీళ్లు మోకాళ్లు కొరికేంత చల్లగా ఉన్నాయి. గమోసా చుట్టుకుని ఎండలో నిలబడటం. అటుకులు, పెరుగు, బెల్లం కలిపి గిన్నెడు. పాలు లేని ఎర్ర టీ రెండుసార్లు. తరవాత ఇంటి పెద్దావిడ, రూమ్మేట్ అమ్మమ్మ, ఇత్తడి తట్టలో ఆకు, వక్క పెట్టి ఇచ్చింది. వాళ్లు వక్కని తామూల్ అంటారు, మనం ఆకుని తమలపాకు అంటాం. ఎక్కడో ఒకచోట మాట ఆకు మీంచి వక్క మీదికి జారినట్టుంది. పచ్చి వక్క కదా, నాకు చెవులు వేడెక్కి చెమట పట్టింది. అందరూ నవ్వారు. మూడు రోజులు పడవలో ఉన్నందువల్ల నేల మీద కూర్చున్నా ఇంకా ఊగుతున్నట్టే ఉంది. గట్టు మీద ఒక చాప వేసుకుని, నది వైపు కాళ్లు చాపుకుని పడుకున్నాను. అంత తేలిగ్గా కళ్లు మూసుకున్నది జూన్ తరవాత అదే.

అలా పడుకుంటేనే ఆ చప్పుడు వినిపించింది. ధబ్ అని, ఎవరో ధాన్యం బస్తా నీళ్లలో పడేసినట్టు. లేచి చూస్తే ఏమీ లేదు. నీళ్ల మీద మట్టి రంగు మరక ఒకటి మెల్లగా దిగువకి పోతోంది. కాసేపటికి మళ్లీ. ఈసారి చూశాను. యాభై గజాల అవతల గట్టు ముక్క ఒకటి, దాని మీద గడ్డి, ఒక చిన్న రేగు మొక్క, అన్నీ నిలువునా అలాగే కిందికి జారి నీళ్లలో కూర్చున్నాయి. మొక్క రెండు నిమిషాలు పైకి కనిపించి తరవాత పోయింది. పని లేనివాణ్ణి కదా, లెక్క పెట్టడం మొదలెట్టాను. మధ్యాహ్న భోజనానికి పిలిచేసరికి పదకొండు. పిల్లలు ఆడుకుంటున్నారు, ఆడవాళ్లు మట్టి పిసుకుతున్నారు, పదకొండింటిలో ఒక్కదానికి కూడా ఎవరూ తల తిప్పలేదు.

వరదలు అయిపోయాక, నవంబరులో గట్టు ఎందుకు విరుగుతుంది? మనం జాగ్రఫీలో వరద, కోత రెండిటినీ ఒకే బుల్లెట్ పాయింటులో కలిపి రాస్తాం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వానాకాలంలో నది నిండుగా ఉన్నప్పుడు నీళ్లు పక్కనున్న గట్టులోకి కూడా ఇంకుతాయి. బ్రహ్మపుత్ర గట్లు పైన సన్నని ఒండ్రు, కింద వదులు ఇసుక. నది తగ్గగానే గట్టులో నిలిచిన నీళ్లు బయటికి కారుతూ అడుగునున్న ఇసుకని తమతో లాక్కుపోతాయి. ఇన్నాళ్లూ గట్టుకి ఎదురు నిలబడి ఆనింపు ఇచ్చిన నది నీళ్లు కూడా ఇప్పుడు లేవు. పైనున్న బరువు చీలి కూలుతుంది. వరద పోయింది అని పేపర్లో వార్త ఆగిపోయిన తరవాతే ఈ పని జోరుగా జరుగుతుంది.

మా వైపు దీన్ని ఏటి కోత అంటారు. గోదావరి లంకల్లో పెరిగినవాళ్లకి కొత్త కాదు. వసిష్ఠ పాయ ఒడ్డున మా తాతగారి కొబ్బరితోటలో నది వైపు మూడు వరసలు ఒక్కోటీ వంగి, వేళ్లు బయటపడి, చివరికి పడిపోయాయి. అయితే మా తాతగారికి వెనకాల ఇంకా ఎనిమిది వరసలు ఉన్నాయి. మాజులీకి ఉన్న తేడా 1950. ఆ ఏడాది ఆగస్టు 15న అస్సాంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొండలు విరిగిపడి ఆ రాళ్లూ ఇసుకా అంతా నదిలోకి దిగింది, నదీగర్భం మీటర్ల మేర పైకి లేచింది. లోతు తగ్గిన నది వెడల్పుకి పోతుంది, అంటే గట్లని తింటుంది. దిబ్రూగఢ్ పట్నంలో పెద్ద భాగం ఆ తరవాతి ఏళ్లలోనే నదిలో కలిసింది. మాజులీ గత శతాబ్దం మొదట్లో ఉన్నదానిలో సగం కూడా ఇప్పుడు లేదు.

భోజనంలో ఔటెంగా కాయ వేసిన చేపల పులుసు. మన చింతపండు పులుసుకి అలవాటైన నాలుకకి ఆ పులుపు పల్చగా అనిపించినా మూడోసారి వడ్డించుకున్నాను.

తిన్నాక అమ్మమ్మగారి పక్కన కూర్చున్నాను. అక్కడ అమ్మమ్మని ఆయితా అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ కుండ చేస్తోంది. సాల్మొరాలో సారె ఉండదు. మట్టి ముద్దని ఒక పళ్లెం మీద పెట్టి, చేత్తో తిప్పుకుంటూ గోడ లేపి, లోపల ఒక ఆనుడు పెట్టి బయటనుంచి చెక్కతో తట్టి తట్టి పల్చన చేస్తారు. చెయ్యడమంతా ఆడవాళ్ల పని. మట్టి తవ్వడం, కాల్చడం, పడవ మీద అమ్మడం మగవాళ్లది. ఆవానికి కట్టెలు కొనరు. వరదకి కొట్టుకొచ్చిన మానుల్ని పట్టి ఎండబెడతారు. వాళ్లకి కట్టెలిచ్చేది, మట్టినిచ్చేది, కుండల్ని అమ్మకానికి మోసేది, ఇల్లు తీసుకుపోయేది, అన్నీ ఆ నదే.

"ఇది నా నాలుగో ఇల్లు" అంది ఆయితా. రూమ్మేట్ మధ్యలో ఉండి చెబుతున్నాడు. చెక్కతో తట్టడం ఆపకుండానే గడ్డంతో నది వైపు చూపించింది. "అదిగో, ఆ పడవ పోతోంది చూడు. అక్కడ మా రెండో ఇల్లు. దానికి ఇవతల జామచెట్టు. నేను కాపరానికి వచ్చిన ఇల్లు ఇంకా అవతల, కనబడదు."

ఇంట్లోకి వెళ్లి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చింది. అందులో మియాది పట్టా. ఏడు బిఘాలు, మన లెక్కలో రెండెకరాల పైచిలుకు, వాళ్లాయన పేరు మీద. గీతలు, ముద్రలు, సర్వే నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ నంబరు ఉన్నచోట ఇప్పుడు నాలుగు నిలువుల నీళ్లు. ఇప్పుడుంటున్న ఇల్లు చుట్టాల స్థలంలో వేసుకున్నది, దానికి కాగితం లేదు. అస్సాంలో కాగితాన్ని ఎందుకంత జాగ్రత్తగా దాచుకుంటారో 2019 ఎన్నార్సీ గురించి చదివినవారికి నేను చెప్పనక్కర్లేదు.

"మీరు ఎక్కడైనా అర్జీ పెట్టారా?" అని అడిగాను. మామ పడవ మీంచే జవాబిచ్చాడు. వరదొచ్చిన ఏడు బియ్యం, పప్పు, టార్పాలిన్ వచ్చాయట. నేల పోయినందుకు మాత్రం ఏ ఫారం నింపాలో ఎవరూ చెప్పలేదట.

ఇక్కడ మనం చదివేదే అడ్డుపడుతుంది మిత్రులారా, కాబట్టి దాని గురించి రాయాలి. 2021-26 కాలపు నిబంధనల్లో రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి వాడటానికి కేంద్రం నోటిఫై చేసిన విపత్తులు 12. తుఫాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం, హిమపాతాలు, మేఘవిస్ఫోటం, తెగుళ్ల దాడి, మంచు-చలిగాలులు. ప్రిలిమ్స్‌కి బట్టీ పట్టినదే. నదీ కోత అందులో లేదు. నిధిలో పది శాతం దాకా రాష్ట్రాలు స్థానిక విపత్తులుగా ప్రకటించుకున్నవాటికి వాడుకోవచ్చు, అంతే. కొండచరియ జారితే విపత్తు. ఏటి గట్టు జారితే కాదు. రెండిట్లోనూ మట్టి కిందికే పడుతుంది.

2005 విపత్తు నిర్వహణ చట్టంలో నిర్వచనం ఇంకోసారి తీసి చూడండి. నష్టం ఆ సమాజం తట్టుకునే శక్తికి మించి ఉండాలి అన్న అర్థం అందులో ఉంది. సాల్మొరా వాళ్లు తట్టుకున్నారు. ఇల్లు విప్పి వెనక్కి జరిపి మళ్లీ కట్టుకున్నారు, నాలుగుసార్లు. అంత బాగా తట్టుకోవడమే వాళ్లకి నష్టమైందని నాకు అనిపిస్తుంది. ఒకే రాత్రి నాలుగొందల ఇళ్లు పోతే హెలికాప్టర్ వస్తుంది. రోజుకి పదకొండు ముక్కల చొప్పున ఊరు పోతే తల కూడా తిరగదు. పైగా వరద నీరు తీశాక పొలం అక్కడే ఉంటుంది, పైన కొత్త ఒండ్రు కూడా పడుతుంది. కోతకి పోయిన పొలం తిరిగి రాదు. నష్టం లెక్కలో పెద్దది రెండోది, సాయం లెక్కలో పెద్దది మొదటిది.

పదిహేనో ఆర్థిక సంఘం దీన్ని గమనించింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2021-26కి జాతీయ స్థాయి నిధుల్లో కోత నివారణకి 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు విడిగా సూచించింది. విపత్తు నిర్వహణ సమాధానాల్లో ఈ రెండు అంకెలు రాయండి, చాలామంది రాయరు. కానీ దేశం మొత్తానికి ఐదేళ్లకి వెయ్యి కోట్లు అని రాసేటప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు నాకు గుర్తొస్తుంది. ఆ డబ్బు అందాలంటే ఆవిణ్ణి ఎవరో ఒకరు 'నిర్వాసితురాలు' అని రాయాలి. ఏ తేదీన నిర్వాసితురాలైంది అంటే ఏం చెబుతుంది?

ఇంకో చిక్కు ఉంది, ఇది ఎథిక్స్ పేపరు కేస్ స్టడీకి అచ్చంగా సరిపోతుంది, కానీ కేస్ స్టడీలంత తేలిగ్గా తెగదు. కుండకి పనికొచ్చే జిగట మట్టి పైన దొరకదు. గట్టు దగ్గర లోతుగా గొయ్యి తవ్వి తియ్యాలి. గట్టు పనులు చూసే అధికారులు ఆ తవ్వకం మీద ఆంక్షలు పెట్టారు. ఒడ్డున కాంక్రీటు కడ్డీలతో ముళ్లపందిలా చేసిన పోర్క్యుపైన్‌లు వరసగా దింపారు. అవి ప్రవాహాన్ని మందగింపజేసి ఇసుక మేట వేయిస్తాయి. ఇసుక నింపిన పెద్ద సంచులు పేర్చారు. ఇంత ఖర్చుపెట్టి ఒకవైపు గట్టు నిలబెడుతుంటే పక్కనే గొయ్యి తవ్వితే ఎలా అని ఇంజనీరు అడిగితే అందులో తప్పు నాకు కనిపించలేదు. మట్టి లేకపోతే గట్టు ఉండి ఏం చేసుకోవాలి అని మామ అడిగితే అందులోనూ కనిపించలేదు. 'భాగస్వాములందరితో సంప్రదింపులు' అని మనం రాసే వాక్యం ఇక్కడ ఎవరి నోట్లోంచి ఎలా వస్తుందో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. చెరువు మట్టిలాగా ఎక్కడ ఎంత తవ్వొచ్చో కొలిచి హద్దురాళ్లు పాతడం ఒక దారి. అది కూడా ప్రతి ఏడూ నది తగ్గాక మళ్లీ కొలవాలి. అంటే అక్కడికి ఏటా ఒక మనిషి రావాలి, వచ్చి ఒక రోజు ఉండాలి. చాలా పథకాల్లో దొరకనిది ఆ మనిషీ, ఆ రోజూ.

ఇంత ఆలోచన ఒకేసారి వచ్చిందనుకోకండి. మధ్యలో గంటన్నర నిద్రపోయాను. లేచేసరికి ఎండ మెత్తబడింది. ఎదురుగా ఇసుక మేట మీద కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. పోయిన ఏడు ఆ మైదానం లేదట, వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియదట. రూమ్మేట్ నన్ను గోల్‌లో నిలబెట్టాడు, ఆరు గోల్స్ వదిలాను. మెయిన్స్ నాలుగో పేపర్లో ఏం రాశానో ఆ పూటంతా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చీకటి పడ్డాక నామ్‌ఘర్‌లో తాళాలు, మృదంగంలాంటి ఖోల్ చప్పుడు మొదలైంది. ఐదొందల ఏళ్ల కిందట శంకరదేవుడు మొదలుపెట్టిన ఏకశరణ ధర్మంలో ప్రతి ఊరికీ ఇలాంటి ప్రార్థనశాల ఒకటి ఉంటుంది. ఊరి తగవులూ అక్కడే తీరుతాయి. ఈ నామ్‌ఘర్‌నీ రెండుసార్లు జరిపారని తెలిసింది. రేకులు, స్తంభాలు విప్పి మోశారట.

మర్నాడు పొగమంచు విడిచేసరికి తొమ్మిదైంది. పడవలో మూడొంతులు కుండలే, మేం గడ్డి మీద ముడుచుకుని కూర్చున్నాం. ఆయితా గట్టు దాకా వచ్చి నాకొక చిన్న కుండ ఇచ్చింది. దాన్ని గువాహటి దాకా ఒళ్లో పెట్టుకుని, అక్కణ్ణుంచి రైల్లో రెండు రాత్రులు స్వెటర్‌లో చుట్టి రాజమండ్రిలో దింపాను. ఇంటికి తీసుకెళ్తే అమ్మ వేలితో తట్టి చప్పుడు విని, తిరగేసి అడుగు చూసింది.

"ఇది సారె మీద చేసింది కాదురా" అంది. "ఎవరో చాలాసేపు కూర్చుని తట్టారు."

ఇప్పుడు అందులో కల్లుప్పు పోసింది.